హోల్డాన్... రైట్ రైట్: పిల్లలతో అరకు, చింతపల్లి, లంబసింగి

ఇల్లు చేరి రెండు రోజులైంది. కారు వెనక సీటు సందుల్లోంచి ఇంకా మరమరాలు, పల్లీ పొట్టు, సగం కొరికిన జామకాయ ముక్కలు బయటికొస్తూనే ఉన్నాయి. అవన్నీ దులిపి పారేసేలోగానే రాసేద్దామని కూర్చున్నాను.

మనుషులం ఐదుగురం. ఆయన, నేను, మా అమ్మ, నాలుగో తరగతి చదివే బుజ్జి, నాలుగున్నరేళ్ల చంటోడు. మర్రిపాలెంలో మా ఇంటి నుంచి అరకు, అక్కణ్ణుంచి పాడేరు, చింతపల్లి, లంబసింగి చూసుకుని నర్సీపట్నం మీదుగా దిగి రావాలని అనుకున్నాం. చుట్టు తిరిగి ఇంటికొచ్చేసరికి 350 కిలోమీటర్ల పైచిలుకు. ఆయన టెన్షనంతా ఘాట్ రోడ్డు గురించి, నాదేమో వెనక సీటు గురించి. క్రితంసారి అన్నవరం వెళ్లినప్పుడు అనకాపల్లి దాటకుండానే "ఇంకా ఎంతసేపు" మొదలైంది. తుని వచ్చేసరికి అక్కాతమ్ముళ్లు ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని ఉన్నారు.

అందుకే ఈసారి వారం ముందే పూర్ణా మార్కెట్‌కి వెళ్లి అయస్కాంతం పలక, రెండు స్టిక్కర్ల పుస్తకాలు, రంగు పెన్సిళ్లు, కీ ఇస్తే గెంతే కప్ప, ఇంకా ఏవేవో కొన్నాను. మొత్తం 1,280 రూపాయల సరుకు. పిల్లల కంట పడకుండా ఒక సంచిలో దాచాను. ఆఖరి అస్త్రంగా ఫోన్లో కార్టూన్లు కూడా ఎక్కించుకున్నాను.

నవంబరు 7, శుక్రవారం: మర్రిపాలెం నుంచి అరకు

ఆరున్నరకి కదిలాం. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ దిగి గోపాలపట్నం దాటుతుంటే కుడిచేతి వైపు సింహాచలం కొండ. అమ్మ కూర్చున్నచోటి నుంచే చెంపలు వేసుకుని "అప్పన్నా, గుంటలు జాగ్రత్త తండ్రీ" అనుకుంది. పెందుర్తి జంక్షన్లో లారీల మధ్య ఇరుక్కున్నప్పుడు మొదటి "ఇంకా ఎంతసేపు" వినపడింది. సంచి విప్పాను.

కొత్తవలస దాటేసరికి సంచి పనైపోయింది. పలక తాలూకు పెన్ను సీటు కిందకి దొర్లిపోయింది. కప్ప కీ విరిగింది. ఒక పుస్తకంలోని స్టిక్కర్లన్నీ కిటికీ అద్దానికి అతుక్కున్నాయి. ముప్ఫై కిలోమీటర్లకి 1,280 రూపాయలంటే కిలోమీటరుకి నలభై పైమాటే. "పెట్రోలే చవక" అన్నారాయన.

ఇక లాభం లేదని ఆయన తన చిన్నప్పటి ఆట ఒకటి తీశారు, బళ్ల నంబరు చూసి ఊరు చెప్పడం. విశాఖపట్నానికి ఏపీ 31, విజయనగరానికి 35, శ్రీకాకుళానికి 30, తూర్పు గోదావరికి 5, పశ్చిమానికి 37, కృష్ణకి 16. విజయవాడ బస్సెక్కితే ఆయనకి దారి పొడుగునా అదే పనట. బుజ్జి కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంది. ఐదు నిమిషాలయ్యాక విసుగ్గా తిరిగింది. "నాన్నా, అన్నీ ముప్ఫై తొమ్మిదే. ఇందులో ఆటేముంది?"

నిజమే. 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 పెట్టేశారు. జిల్లా గుర్తు పట్టాలంటే పాత బండే కనపడాలి. ఎవరికి ఏ సౌకర్యమొచ్చిందో గానీ పిల్లల ఆట ఒకటి పోయింది. కాసేపు ఆలోచించి రూలు మార్చాం. పక్క రాష్ట్రం బండికి ఒక మార్కు, పాత ఏపీ 31కి రెండు, టీఎస్ కారుకి ఒకటి, టీజీ కారుకి రెండు. అరకు రోడ్డు ఈ ఆటకి బాగా పనికొచ్చింది. కోరాపుట్ వైపు నుంచి ఓడీ బళ్లు, జగదల్‌పూర్ నుంచి సీజీ బళ్లు, హైదరాబాద్ టూరిస్టులవి టీజీ బళ్లు. ఎస్.కోటలో ఇడ్లీకి ఆగేసరికి బుజ్జి పంతొమ్మిది, వాళ్ల నాన్న పదకొండు. చంటోడికి అంకెలు వచ్చు గానీ కిటికీలోంచి ఏమీ కనపడట్లేదు. ఆ సంగతి నేను పట్టించుకోలేదు, తర్వాత అనుభవించాను.

బౌడారా దాటి కొండెక్కుతుంటే వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఆఖరి అస్త్రం బయటికి తీసి ఫోన్ చేతిలో పెట్టాను. ఆరు మలుపులు నిశ్శబ్దం. ఏడో మలుపులో ఎస్.కోట ఇడ్లీ మొత్తం అమ్మ చీర మీద ఉంది.

తప్పు నాదే. చెవి లోపలి భాగం "కదులుతున్నాం" అని చెబుతుంటే, కళ్లు ఫోన్ తెర మీద నిలబడి "కదలట్లేదు" అంటాయి. ఆ రెండు కబుర్లూ పొసగక కడుపులో తిప్పుతుంది. రెండేళ్లలోపు పసివాళ్లకి ఈ బాధ పెద్దగా ఉండదు గానీ, రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకి ఎక్కువ. దూరంగా కొండనో చెట్టునో చూస్తే తగ్గుతుంది. వాడికేమో చూసే వీలే లేదు. అమ్మ ఇరుకు పడుతుందని, ఆ దిక్కుమాలిన బొమ్మల సంచికి చోటు కావాలని, వాడి సీటు తీసి డిక్కీలో పడేశాం. కిటికీ అంచు కంటే కిందనున్నాడు పాపం. అసలు పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలోనే ఉంది. ఆ వెయ్యి కట్టలేదు గానీ చీర ఉతికే పని పడింది.

డముకు దగ్గర ఆపాం. రోడ్డు వారన బొంగులో చికెన్ కాల్చే ఆడమనిషి మమ్మల్ని చూడగానే చెంబుతో నీళ్లు పట్టుకొచ్చింది.

"ఏటమ్మా, గుంటడికి కక్కొచ్చిందేటి? పోను సూపించేరా?"

తలాడించాను.

"ఈ మలుపుల్లో పోను సూసినోల్లందరూ నా కొట్టుకాడికొచ్చే దిగుతారు" అని నవ్వి, ఒక నిమ్మకాయ గోటితో గిల్లి వాడి ముక్కు దగ్గర పెట్టింది. డబ్బులిస్తే "నీలుకి, నిమ్మకాయకి డబ్బులేటి" అని తోసేసింది. మొహమాటానికి ఒక బొంగు చెప్పాం, 250 రూపాయలు. మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు బిగించి నిప్పుల మీద దొర్లిస్తుంది. నూనె చుక్క వెయ్యలేదు. బొంగు నల్లబడి చిటపటమంటుంటే చంటోడు కడుపులో తిప్పడం సంగతే మర్చిపోయి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. అదయ్యేదాకా ముప్పావు గంట. పిల్లలిద్దరిలో ఒక్కరు కూడా "ఇంకా ఎంతసేపు" అనలేదు.

డిక్కీలోంచి సీటు తీసి బిగించాం. అమ్మ ఒద్దికగా సర్దుకుని పొడుపు కథలు మొదలెట్టింది. "నల్లకుక్కకు నాలుగు చెవులు, ఏంటది?" బుజ్జి ఎన్నో చెప్పింది, లవంగం మాత్రం తట్టలేదు. అనంతగిరి కాఫీ తోటల్లోకి వచ్చాం. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టేసిన మిరియాల తీగలు. కాసేపటికి బుజ్జే ఒకటి కట్టింది. "చెట్టుకి చొక్కా, చొక్కాకి బొత్తాలు." అమ్మ ఎంత ఆలోచించినా చెప్పలేకపోయింది. మిరియాల తీగట! అమ్మ దాని తల నిమిరింది. నేనైతే ఆ మాట కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

బొర్రా గుహల దగ్గర జనం. కోతులు మా మరమరాల పొట్లం లాక్కుపోయాయి. లోపల గబ్బిలాల వాసనకి చంటోడు వాళ్ల నాన్న మెడ వదల్లేదు. బయటికొచ్చాక, కిరండోల్ వెళ్లే రైలు పట్టాలు సరిగ్గా ఈ గుహల మీంచే పోతాయని ఆయన చెబితే, "మన నెత్తి మీంచి రైలా?" అని మళ్లీ లోపలికి వెళ్దామని గొడవ.

అరకు చేరేసరికి సాయంత్రం. వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉన్నాయి. చేలో దిగి ఫొటో తీసుకోవాలంటే మనిషికి 30 రూపాయలు. పూలు తొక్కేస్తాం కదా, అడగడంలో తప్పేం లేదు.

నవంబరు 8, రెండో శనివారం: చాపరాయి, పాడేరు, చింతపల్లి

చాపరాయి దగ్గర ఏటవాలు బండ మీంచి నీళ్లు పలచగా జారుతుంటాయి. పాకుడు ఎక్కడుందో చూసుకోకపోతే మనమూ జారుతాం. నేను జారాను. ఆ వివరాలు అనవసరం. పిల్లలకి మాత్రం రోజు మొత్తానికి సరిపడా నవ్వు దొరికింది.

అక్కణ్ణుంచి పాడేరు వైపు తిరిగాక ఒక పల్లెవెలుగు బస్సు వెనక పడ్డాం. పది రోజుల కిందటి తుపాను వానలకి రోడ్డు అంచులు అక్కడక్కడా కోసుకుపోయి ఉన్నాయి, దాటేందుకు సందు లేదు. బస్సు ఆగుతుంది, కోడిపుంజుని చంకలో పెట్టుకుని ఒకాయన దిగుతాడు, అడ్డాకుల మోపులతో నలుగురు ఆడవాళ్లు ఎక్కుతారు, కండక్టరు తలుపులోంచి వంగి "రైట్ రైట్" అంటాడు. మళ్లీ అరకిలోమీటరుకి ఆగుతుంది. ఆయన స్టీరింగ్ మీద వేళ్లతో దరువు మొదలెట్టారు. వెనక మాత్రం చిత్రంగా చప్పుడు లేదు.

తిరిగి చూస్తే బుజ్జి మిగిలిన స్టిక్కర్ల పుస్తకం పేజీలు చించి చిన్న చిన్న ముక్కలు చేస్తోంది. వాటికి తన జుట్టు రబ్బరు బ్యాండు వేసింది, పెన్ను చెవిలో దోపింది. "టికెట్ టికెట్ టికెట్! ఎక్కడికండీ?"

అమ్మకి హుషారొచ్చింది. ఇప్పుడంటే మిషన్లు గానీ, తన కాలంలో కండక్టరు చేతిలో రంగు రంగుల టికెట్ల కట్ట ఉండేదని, వేలు తడి చేసుకుని ఎలా చించేవాడో చేసి చూపించింది. బుజ్జి వెంటనే వేలు నాకి టికెట్ చించింది.

"పాడేరుకి ఒకటి ఇవ్వమ్మా."

"ఆధార్ చూపించండి. ఆడవాళ్లకి ఫ్రీ."

ఆగస్టు 15న స్త్రీ శక్తి, అదే ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం, మొదలైనప్పటి నుంచీ అమ్మ ఆధార్ కార్డు సంచిలోంచి తీయలేదు. వారానికోసారి సింహాచలం వెళ్లొస్తోంది మరి. దర్జాగా తీసి చూపించింది. బుజ్జి అటూ ఇటూ తిప్పి చూసి, "సున్నా రూపాయలు" అని రాసి చేతిలో పెట్టింది. నా వంతు వచ్చింది. నా కార్డు ఫోన్లో ఉందన్నాను.

"ఫోన్లోది చెల్లదండి. ఒరిజినల్ ఉండాలి. పన్నెండు రూపాయలు."

బతిమాలాను, ఒప్పుకోలేదు. నిజం ఇరవై నోటే అడిగింది. ఇచ్చాను.

"చిల్లర లేదు. వెనకాల రాస్తాను, దిగేటప్పుడు అడిగి తీసుకోండి." టికెట్ వెనక 8 అని రాసి, గుండ్రంగా సున్నా చుట్టింది. ఇదంతా ఎక్కడ చూసిందో! మేం సిటీ బస్సెక్కి ఎన్నాళ్లయిందని!

చిక్కు చంటోడితో వచ్చింది. "ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు" అనేసింది. రూలు సరైనదే. వాడికి మాత్రం లోకమంతా టికెట్లు పంచి తనకొక్కడికే ఎగ్గొట్టినట్టనిపించి పెద్ద రాగం అందుకున్నాడు. ఆయన ముందు సీటు నుంచే తీర్పు చెప్పారు. "నువ్వు క్లీనరువిరా. బస్సు ఆపాలంటే హోల్డాన్ అనాలి, పోవాలంటే రైట్ రైట్ అనాలి. నువ్వు చెప్పకపోతే బండి కదలదు."

వాడి మొహం చూడాలి. ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. దారి పక్కన పసుపు టోపీ పెట్టుకున్న కిలోమీటరు రాళ్లు వస్తుంటాయి కదా, వాటిని కనిపెట్టే బాధ్యత కూడా వాడిదే. ఇప్పుడు సీటు ఎత్తులో కూర్చున్నాడు, బయటంతా కనపడుతోంది. "రాయి!" అని వీడు అరుస్తాడు, "హుకుంపేట ఆరు, హుకుంపేట ఆరు, దిగేవాళ్లు ముందుకి రండి" అని అది చదువుతుంది. పొడుపు కథలు, నంబర్ల ఆట అన్నీ మూలకి పోయాయి. ఆటైతే ఎప్పుడో విసిగేవాళ్లు. ఇది వాళ్ల లెక్కలో ఆట కాదు, డ్యూటీ. అమ్మ తన టికెట్ పోగొట్టుకుందని మధ్యలో చెకింగ్ కూడా అయింది.

హోల్డాన్‌తో ఒక్కటే కష్టం. మొదటి అరగంట వాడు అన్నప్పుడల్లా ఆయన నిజంగానే కాస్త స్లో చేశారు. మేక కనపడితే హోల్డాన్, ఇటుకల కుప్ప కనపడితే హోల్డాన్. పాడేరులో మోదకొండమ్మ తల్లి దర్శనం చేసుకుని, భోజనాలు కానిచ్చి, జి.మాడుగుల దాటేసరికి వాడి మాటకి విలువ పూర్తిగా పోయింది. "హోల్డాన్ నాన్నా, హోల్డాన్ హోల్డాన్" అంటున్నా ఆయన "ముందు స్టాపులో, ముందు స్టాపులో" అంటూ లాగించేశారు. ఆ ఒక్కసారి వాడిది నిజం హోల్డాన్. సీటు తడిసింది, నిక్కరు తడిసింది, వాడి పరువు పోయింది. రోడ్డు వారన బట్టలు మార్చాక ఆయన వాడికి వంగి సారీ చెప్పారు. అప్పటి నుంచి కొత్త రూలు: ఒక్క హోల్డాన్ ఆట, రెండు చేతులూ ఎత్తి అంటే అసలుది.

చింతపల్లిలో రాత్రి బస. ఊళ్లోకి వస్తుంటే ఆయన అల్లూరి సీతారామరాజు సంగతి ఎత్తారు. 1922 ఆగస్టు 22న మన్యం దండు వచ్చిపడింది ఈ చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తుపాకులు ఎత్తుకెళ్లడమే కాదు, ఏమేం తీసుకెళ్తున్నారో స్టేషన్ పుస్తకంలో రాసి రాజు సంతకం కూడా పెట్టాడని చెప్పారు. బుజ్జి కాసేపు టికెట్ల కట్ట సవరించుకుంటూ కూర్చుని, "అంటే ఆయన కూడా టికెట్ ఇచ్చే తీసుకున్నాడన్నమాట" అంది.

నవంబరు 9, ఆదివారం: లంబసింగి, నర్సీపట్నం, తప్పిన దారి

నిద్రపోతున్న పిల్లల్ని దుప్పట్లతో సహా ఎత్తి కార్లో వేసుకుని ఐదింటికే బయల్దేరాం. లంబసింగిని ఇక్కడివాళ్లు కొర్రబయలు అంటారు. బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరట. మేం బిగుసుకుపోలేదు గానీ, చంటోడు నోట్లోంచి వచ్చే పొగ చూసుకుని "తాతలాగా బీడీ తాగుతున్నా" అని ఊరంతటికీ చాటాడు. పాలమంచులో ఎదుటి మనిషి కనపడదు, గొంతు మాత్రం వినపడుతుంది. చలిమంట దగ్గర ఎవరో జరిగి పిల్లలకి చోటిచ్చారు. టీ 15 రూపాయలు. మూడు తాగాను.

ఘాట్ దిగి నర్సీపట్నం చేరాక తాళ్లపాలెం వైపు వెళ్లి హైవే ఎక్కాలి, అదీ మా లెక్క. టిఫిన్ దగ్గర ఒక పెద్దాయన "హైవే ఎందుకు బాబూ, చోడవరం మీంచి దగ్గరకదా" అన్నాడు. పెద్దాయన మాట అబద్ధం కాదు, దూరం నిజంగానే తక్కువ. అది బీఎన్ రోడ్డని, భీమిలి నుంచి నర్సీపట్నం దాకా పోయే ఆ రోడ్డు గోతుల్ని గురించి వినని మనిషి ఈ జిల్లాల్లో ఉండడని మాకు అప్పుడు వెలగలేదు. రోలుగుంట దాటేసరికి మా ఆయన నోట మాట లేదు. బుజ్జి మాత్రం డ్యూటీలోనే ఉంది. "బస్సు రూటు మారింది, ప్రయాణికులు గమనించగలరు." ప్రతి గోతికీ వెనక ఇద్దరూ "హోయ్" అని గెంతుతున్నారు. కొనిచ్చిన కప్ప గెంతని గెంతులన్నీ ఆ రోడ్డు గెంతించింది.

వడ్డాది దగ్గరపడుతుంటే తియ్యటి పొగ వాసన కారంతా నిండింది. చంటోడు రెండు చేతులూ ఎత్తి "హోల్డాన్!" అన్నాడు. ఆయన సడెన్ బ్రేకే వేశారు. తీరా చూస్తే వాడికి అవసరమేమీ లేదట, వాసనొచ్చిందట. రూలు దుర్వినియోగమే, కానీ మంచిదే అయింది. రోడ్డు పక్క పొలంలో బెల్లం వండుతున్నారు.

గానుగలోంచి రసం, మంచమంత పెనంలోకి. కింద పొయ్యిలో చెరకు పిప్పే వంటచెరకు. పైకి తేలే మడ్డిని ఒకతను పొడుగు గరిటెతో తీసి పారబోస్తున్నాడు. తలపాగా తాత పిల్లల్ని చూసి ముందు చేత్తో గీత గీసినట్టు చూపించాడు. "ఇక్కడికెల్లి ఇటేపు రాకండేం. పడితే పులుసైపోతారు." ఇద్దరూ ఆ లేని గీత దగ్గర కాళ్లు జోడించి నిలబడ్డారు. రసం మొదట మురికి ఆకుపచ్చగా ఉంది. తర్వాత గోధుమ రంగు, ఆ పైన బంగారు రంగు. నురగ ఉబ్బి ఉబ్బి పెనం అంచుదాకా వచ్చి, ఎవరో గదమాయించినట్టు దిగిపోతోంది. తాత నీళ్ల చెంబులో రెండు చుక్కలు పాకం వేసి వేళ్లతో నలిపి చూశాడు. ఇంకా రాలేదన్నాడు. మళ్లీ చూశాడు. అప్పుడు కేకేశాడు. నలుగురు పెనం ఎత్తి వంపేశారు.

చెరకు ముక్క చివర వేడి పాకంలో ముంచి, బాగా ఊది, చెరొకటి ఇచ్చాడు. చంటోడు ఒక్కసారి నాకి, ఎవరితోనూ మాట్లాడకుండా కారు వైపు నడిచి, కారెక్కకుండా టైరు పక్కన మట్టిలో కూర్చుని ఆ ముక్కంతా తిన్నాడు. గంటంపావు అక్కడే ఉన్నాం. ఐదు కిలోల బెల్లానికి 300 ఇచ్చాం, పిల్లల పాకానికి ఏమీ తీసుకోలేదు. బుజ్జి తన కట్టలోంచి ఒక టికెట్ చించి తాత చేతిలో పెట్టింది. "ఎక్కడికమ్మా ఇది?" అన్నాడాయన. "వైజాగ్‌కి. ఫ్రీ." తాత దాన్ని తలపాగాలో దోపుకున్నాడు.

చోడవరం, సబ్బవరం, పెందుర్తి, ఇవేవీ పిల్లలు చూడలేదు. కండక్టరూ క్లీనరూ బెల్లం మూతులతో అమ్మ చెరో భుజం మీదా నిద్ర. అమ్మ మర్రిపాలెం దాకా కదలకుండా అలాగే కూర్చుంది. దిగాక ఐదు నిమిషాలు కాలు నేలకి ఆనలేదు.

ఇందాక పర్సు సర్దుతుంటే ఆ టికెట్ కనపడింది. ముందు వైపు స్టిక్కర్ల పుస్తకంలోని ఏనుగు చెవి, వెనక సున్నా చుట్టిన 8. తీసుకెళ్లి హోంవర్క్ చేసుకుంటున్న బుజ్జికి చూపించి నా చిల్లర నాకిమ్మన్నాను. తలెత్తకుండానే అంది:

"దిగేటప్పుడు అడగాలండి. ఇప్పుడు డిపోకి వెళ్లి తీసుకోండి."